హెరాల్డ్ వాషింగ్టన్‌కి లెక్కలొచ్చు

2025 నవంబరులో న్యూయార్క్ మేయర్‌గా జోహ్రాన్ మమ్దానీ గెలిచిన రాత్రి మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు నిద్రపోలేదు. సంబరపడ్డవాళ్ళు కొందరు, ఇక ఆ ఊరు మునిగిందని తేల్చేసినవాళ్ళు కొందరు. ఇద్దరూ ఒప్పుకున్న మాట మాత్రం ఒకటుంది. "బయటివాడొచ్చి పార్టీ పెద్దలకు బుద్ధి చెప్పాడు" అని. దాదాపు ఐదేళ్ళుగా రాష్ట్ర అసెంబ్లీలో కూర్చున్న మనిషి బయటివాడెలా అయ్యాడని అడుగుదామనుకుని, అర్ధరాత్రి గొడవెందుకులే అని ఫోన్ పక్కన పెట్టేశాను. అప్పుడు చెప్పలేకపోయినదే ఇక్కడ రాస్తున్నాను. అయితే న్యూయార్క్ గురించి కాదు, నేనుంటున్న షికాగో గురించి.

ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఆఫీసుకు బ్రౌన్ లైన్ రైల్లో వెళ్ళేవాణ్ణి. దిగాల్సిన స్టేషన్ పేరు 'హెరాల్డ్ వాషింగ్టన్ లైబ్రరీ'. రోజూ మైకులో ఆ పేరు వింటూ, మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్‌కి చుట్టమేమో అనుకునేవాణ్ణి. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం. ఒక చలికాలం మధ్యాహ్నం బయట గాలికి తట్టుకోలేక ఆ లైబ్రరీలోకి దూరాను. ఎర్ర ఇటుకల పెద్ద భవనం, కప్పు మూలల్లో రెక్కలు విప్పిన గుడ్లగూబలు. షికాగో మొదటి నల్లజాతి మేయర్ హెరాల్డ్ అని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత ఆయన గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదివిన కొద్దీ ఒక అనుమానం బలపడింది. ఈ ఊళ్ళో ఆయన్ని దేవుడి పటంలా గోడకు తగిలించుకున్నారు, మనిషిని మర్చిపోయారు. పటంలో ఉన్నది మెషీన్‌ని బద్దలు కొట్టిన సంస్కర్త. నాకు కనిపించింది ఆ మెషీన్‌లోనే పుట్టి పెరిగి, దాని లెక్కలన్నీ నేర్చుకుని, ఆ లెక్కలతోనే దాన్ని ఓడించిన పక్కా రాజకీయ నాయకుడు.

మెషీన్ అంటే షికాగోలో డెమోక్రటిక్ పార్టీ యంత్రాంగం. ఊరు 50 వార్డులు. ఒక్కో వార్డుకు ఒక ఆల్డర్‌మన్, అంటే మన కార్పొరేటర్. వార్డును మళ్ళీ ప్రీసింక్ట్‌లుగా విడగొట్టి, ఒక్కో దానికి ఒక కెప్టెన్‌ని పెట్టేవారు. మన బూత్ ఇన్‌ఛార్జి అనుకోండి, కాకపోతే ఏడాది పొడవునా డ్యూటీ. చెత్త తీయకపోయినా, కుర్రాడికి ఉద్యోగం కావాలన్నా కెప్టెన్‌కే చెప్పుకోవాలి. బదులుగా పోలింగ్ రోజు ఓటు ఇవ్వాలి. ఓట్లు తెచ్చిన కెప్టెన్‌కు సిటీలోనో కౌంటీలోనో (మన జిల్లా లాంటిది) ఉద్యోగం ఉంటుంది, తేకపోతే ఊడుతుంది. తర్వాతి రోజుల్లో పార్లమెంటు సభ్యుడూ జడ్జీ అయిన ఆబ్నర్ మిక్వా 1948లో లా చదువుతూ, ప్రచారంలో పని చేస్తానని ఒక వార్డు ఆఫీసుకు వెళ్ళాడట. "నిన్నెవరు పంపారు?" అని అడిగారు. ఎవరూ పంపలేదన్నాడు. ఎవరూ పంపనివాడు మాకక్కర్లేదని వెనక్కి పంపేశారు. ఉచితంగా చేస్తానన్నవాడికి కూడా సిఫారసు కావాలి!

మా పెదనాన్న మా ఊళ్ళో పంచాయతీ ఎన్నికలప్పుడు అరుగు మీద కూర్చుని ఓటర్ల జాబితా ముందు పెట్టుకునేవాడు. ఒక్కో ఇంటి పేరు పక్కన టిక్కు, ఇంటూ, సున్నా. సున్నా అంటే ఇంకా తేల్చుకోనివాళ్ళు. రాత్రి పూట సున్నాల ఇళ్ళకే వెళ్ళేవాడు. హెరాల్డ్ తండ్రి రాయ్ వాషింగ్టన్ గురించి చదివినప్పుడు నాకు ఆ అరుగే గుర్తొచ్చింది. రాయ్ లాయరు, మెథడిస్టు బోధకుడు, వీటితో పాటు మూడో వార్డులో ప్రీసింక్ట్ కెప్టెన్. 1922లో పుట్టిన హెరాల్డ్ ఆ ఇంట్లో పెరిగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్‌లో రన్‌వేలు వేసే దళంలో పని చేశాడు. తిరిగొచ్చాక రూజ్‌వెల్ట్ కాలేజీలో విద్యార్థి నాయకుడయ్యాడు, 1952లో నార్త్‌వెస్టర్న్‌లో లా పూర్తి చేశాడు. తండ్రి పోయాక ఆ ప్రీసింక్ట్ పనిలోకే దిగాడు. వార్డు పెద్ద రాల్ఫ్ మెట్‌కాఫ్, 1936 బెర్లిన్ ఒలింపిక్స్ పరుగు వీరుడు. ఆయన కింద యువజన విభాగాన్ని నడిపాడు, సిటీ న్యాయ విభాగంలో ఉద్యోగం చేశాడు. 1965లో రాష్ట్ర శాసనసభకు వెళ్ళింది కూడా మెషీన్ టికెట్ మీదే.

ఇందులో బయటివాడి జాడ ఎక్కడుందో నాకు అర్థం కాదు. అప్పటికే ఆయనకు మెషీన్‌తో పడేది కాదని వాదిస్తారు. కొంత నిజమే. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టినరోజును సెలవుగా చేసే బిల్లును పట్టుబట్టి నెగ్గించాడు. 1973లో అలా చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇల్లినాయ్. పోలీసుల దౌర్జన్యం మీద నిలదీసేవాడు. కానీ ఎక్కడ తిరగబడాలో, ఎక్కడ చెయ్యి ఎత్తి ఊరుకోవాలో చూసుకుని నడిచాడు. తెగే దాకా లాగలేదు.

పటంలో కనిపించని మరకలు కూడా ఉన్నాయి. ఫీజు తీసుకుని కక్షిదారుల పని చేయలేదన్న ఫిర్యాదుల మీద 1970లో ఆయన లాయరు లైసెన్సును సస్పెండ్ చేశారు. 1972లో, నాలుగేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేయలేదని నెల రోజులకు పైగా జైల్లో ఉన్నాడు. పన్ను చాలావరకు జీతంలోనే కోసేశారు, బాకీ తేలింది సుమారు 500 డాలర్లు. కావాలని ఇరికించారని అభిమానులు ఇప్పటికీ అంటారు. కావచ్చు. కానీ రిటర్ను వేయనిది ఆయనే కదా. ఏటా ఏప్రిల్ వచ్చిందంటే టెన్షన్ పడే మనలాంటివాళ్ళం ఆ మాత్రం అడగొచ్చు.

ఇక ఎన్నికలు. 21 ఏళ్ళు మేయర్‌గా ఏలిన రిచర్డ్ జె. డేలీ 1976 డిసెంబరులో పదవిలోనే పోయాడు. మరుసటి ఏడాది ఉప ఎన్నికలో హెరాల్డ్ నిలబడితే 11 శాతం ఓట్లు వచ్చాయి. గెలిచిన మైకేల్ బిలాండిక్‌ను రెండేళ్ళకు మంచు ముంచేసింది. 1979 జనవరి తుఫానులో వీధుల్లో మంచు ఎత్తలేదు. పైగా రైళ్ళు నల్లవాళ్ళ పేటల స్టేషన్లలో ఆగకుండా వెళ్ళిపోయాయి. చలిలో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడి కళ్ళ ముందు నుంచి రైలు ఆగకుండా పోతే ఆ కోపం ఎక్కడికి పోతుంది? ఆ ఓట్లతో జేన్ బర్న్ మేయరైంది. అయ్యాక, స్కూలు బోర్డులోనూ ప్రభుత్వ గృహాల సంస్థలోనూ నల్లవాళ్ళను తీసి తెల్లవాళ్ళను పెట్టింది.

1982 నాటికి నల్లవాళ్ళ పేటల్లో ఒకే మాట, హెరాల్డ్ నిలబడాలని. హెరాల్డ్ మాత్రం ఊఁ అనడు. 1980లో గెలిచిన పార్లమెంటు సీటు చేతిలో ఉంది, హాయిగా ఉంది. ముందు కొత్తగా 50,000 మంది ఓటర్లను నమోదు చేయించండి, డబ్బు పోగు చేయండి, అప్పుడు చూద్దామన్నాడు. ఆయన కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. జనం వచ్చి నువ్వే మా నాయకుడివి అంటే పొంగిపోని మనిషి! 11 శాతం చేదు నాలుక మీద ఇంకా ఉంది. చప్పట్లు వద్దు, జాబితాలో పేర్లు చూపించండి అన్నాడు. చర్చీలు, రేడియో స్టేషన్లు, వ్యాపారులు, పేటల సంఘాలు కదిలి లక్షకు పైగా కొత్త ఓటర్లను ఎక్కించాయి. అప్పుడు ఒప్పుకున్నాడు.

1983 ఫిబ్రవరి 22న డెమోక్రటిక్ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నిక. బర్న్ ఒకవైపు, పాత డేలీ కొడుకు రిచర్డ్ ఎం. డేలీ ఇంకోవైపు. తెల్లవాళ్ళ ఓటు ఇద్దరి మధ్యా చీలింది. హెరాల్డ్‌కు 36 శాతం, బర్న్‌కు 34, డేలీకి 30 చొప్పున వచ్చాయి. చీలికతో గెలిచాడని చులకన చేసేవాళ్ళున్నారు. చీలుతుందని లెక్కేసుకునే కదా దిగింది!

అసలు పరీక్ష ఏప్రిల్‌లో ఎదురైంది. షికాగోలో రిపబ్లికన్ మేయర్ గెలిచింది చివరగా 1927లో. ప్రైమరీ నెగ్గితే పదవి చేతికొచ్చినట్టే. ఈసారి మాత్రం తరతరాల డెమోక్రాట్లు గంపగుత్తగా రిపబ్లికన్ బెర్నార్డ్ ఎప్టన్ వైపు తిరిగారు. ఎప్టన్ ఉదారవాదిగా పేరున్నవాడే. కానీ ఆయన ప్రచార నినాదం చివర 'ఆలస్యం కాకముందే' అన్న మాట చేర్చారు. ఏమి రాకముందో చెప్పనక్కర్లేకపోయింది. మట్టల ఆదివారం నాడు హెరాల్డ్, మాజీ ఉపాధ్యక్షుడు మాండేల్‌తో కలిసి సెయింట్ పాస్కల్ చర్చికి వెళితే గుమిగూడిన జనం తిట్లతో తరిమేశారు. చర్చి మీద బూతు రాతలు. దేశమంతా టీవీలో చూసింది. 82 శాతం పోలింగ్ జరిగింది. హెరాల్డ్ దాదాపు 48,000 ఓట్ల తేడాతో బయటపడ్డాడు. తెల్లవాళ్ళ ఓట్లలో ఆయనకు పడింది వందకు పన్నెండని అంచనా. లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు, పెద్ద ఎత్తున వేశారు. నల్లవాళ్ళ ఓటుకు ఈ రెండూ కలిస్తేనే గెలుపు, ఏ ఒక్కటి తగ్గినా ఓటమే.

ఇంత లెక్క తెలిసినవాడు పదవిలోకి వచ్చిన నాలుగో రోజునే ఎందుకు తప్పటడుగు వేశాడు?

అది చెప్పాలంటే షికాగో మేయర్ పదవి గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. మన హైదరాబాదులో మేయర్ మెడలో గొలుసు ఉంటుంది, సంతకం కమిషనర్ చేతిలో ఉంటుంది. షికాగో మేయర్‌కు సంతకం ఉంది. కానీ చట్టం ప్రకారం అక్కడ బలమైనది కౌన్సిల్. డేలీ ఏకచ్ఛత్రంగా ఏలింది మేయర్ కుర్చీతో కాదు. కుక్ కౌంటీ డెమోక్రటిక్ పార్టీ అధ్యక్షుడూ తనే కాబట్టి. టికెట్ ఇచ్చేదీ ఉద్యోగం ఇచ్చేదీ ఒకే చెయ్యి. ఎవడు ఎదురు తిరుగుతాడు? 1983లో ఆ రెండు పదవులూ విడిపోయి ఉన్నాయి. మేయర్ హెరాల్డ్. పార్టీ అధ్యక్షుడు పదో వార్డు ఆల్డర్‌మన్ ఎడ్వర్డ్ వర్డోలియాక్, ఈ పోటీ జాతుల మధ్యనే అని ప్రైమరీకి ముందు తన కార్యకర్తలకు చెప్పిన మనిషి.

ఏప్రిల్ 29న నేవీ పియర్‌లో ప్రమాణ స్వీకారం. వేదిక మీదే ఉన్న ఆల్డర్‌మన్ల ముందు హెరాల్డ్ పాత పద్ధతుల మీద నిప్పులు చెరిగాడు. మే 2న మొదటి కౌన్సిల్ సమావేశం. కమిటీల పంపకం జరగాలి. చూసుకుంటే తన వైపు 21 మంది, అటు వర్డోలియాక్‌తో 29 మంది. 21లో 16 మంది నల్లవాళ్ళు, ఐదుగురు తెల్లవాళ్ళు. 29లో ఒక్క లాటినో తప్ప అందరూ తెల్లవాళ్ళే. హెరాల్డ్ గబగబా సమావేశం ముగిసిందని సుత్తి కొట్టి తన వాళ్ళతో లేచి వెళ్ళిపోయాడు. వర్డోలియాక్ లేవలేదు. అదే సుత్తి అందుకుని, మిగిలిన 29 మందితో సమావేశం నడిపించి, కమిటీలన్నీ పంచేశాడు. ఖజానాకు తాళంచెవి లాంటి ఫైనాన్స్ కమిటీ ఎడ్వర్డ్ బర్క్‌కి దక్కింది. కోర్టుకెళితే 29 మందిదే చెల్లుతుందన్నారు.

మెజారిటీ లేని సభ నుంచి లేచిపోతే కుర్చీ ఖాళీ అవుతుందని మా పెదనాన్నకు కూడా తెలుసు. ఆ వారం రోజులు హెరాల్డ్ తను మేయరునని అనుకున్నాడే తప్ప ఓట్లు లెక్కపెట్టుకోలేదు. నలుగురైదుగురు ఆల్డర్‌మన్లకు తలో కమిటీ ఇచ్చి లాక్కోగలిగేవాడేమో. మన మున్సిపాలిటీల్లో అయితే ఈపాటికి అందరూ ఏదో ఒక రిసార్టులో ఉండేవారు. మా టౌనులో ఒకసారి చైర్మన్ ఎన్నికకు ముందు మా వార్డు కౌన్సిలరు పది రోజులు కనపడలేదు, కుళాయి నీళ్ళు రావడం లేదని చెప్పుకోవడానికి మనిషి లేడు. షికాగోలో ఆ బాధ లేదు. 29 మందికీ రిసార్టు అవసరం రాలేదు, మూడేళ్ళు ఎవరూ జారలేదు.

ఆ మూడేళ్ళకు ఆరన్ ఫ్రీమన్ అనే హాస్యగాడు, స్టార్ వార్స్ పేరు తిప్పి, 'కౌన్సిల్ వార్స్' అని పేరు పెట్టాడు. మేయర్ పంపిన నియామకాలు కమిటీల్లో పడి మూలిగాయి. బడ్జెట్ దగ్గర గొడవ, వీధుల మరమ్మతుకు అప్పు తెద్దామంటే గొడవ. కానీ ఇక్కడే హెరాల్డ్‌లోని పాత కెప్టెన్ నిద్ర లేచాడు. మేయర్ వీటోను కొట్టేయాలంటే 34 ఓట్లు కావాలి. 29తో అది కుదరదు. అంటే వాళ్ళు ఆయన్ని ఆపగలరు, ఆయనా వాళ్ళను ఆపగలడు. ఆపడం చేతనైతే బేరం చేతనైనట్టే. వీధుల అప్పును 29 మంది అడ్డుకుంటే, హెరాల్డ్ తనకు ఓటెయ్యని తెల్లవాళ్ళ పేటలకే వెళ్ళి, మీ ఫుట్‌పాత్ బాగు కాకుండా ఆపుతున్నది మీ ఆల్డర్‌మనే అని చెప్పి వచ్చాడు. కౌన్సిల్ అక్కర్లేని పనులు సంతకంతో చేశాడు. ఊరి దస్తావేజులు అడిగిన పౌరుడికి చూపించాలని ఉత్తర్వు ఇచ్చాడు. బడ్జెట్ మీద పేటపేటకూ వెళ్ళి జనం మాట విన్నాడు. కాంట్రాక్టుల్లో మైనారిటీలకు, ఆడవాళ్ళకు వాటా పెట్టాడు. అన్నిటికన్నా పెద్దది, రాజకీయ సిఫారసు మీద సిటీ ఉద్యోగాలు ఇవ్వకూడదని మైకేల్ షాక్‌మన్ అనే లాయరు 1969 నుంచి నడుపుతున్న కేసులో, 1983లో హెరాల్డ్ రాజీకి ఒప్పుకున్నాడు. మెషీన్‌కు పెట్రోలు అదే కదా. తన చేతికి వచ్చిన రోజునే దాన్ని ఒలకబోశాడు.

చివరికి లెక్క మారింది కూడా ఓట్ల దగ్గరే. బర్న్ హయాంలో గీసిన వార్డుల హద్దులు నల్లవాళ్ళకు, లాటినోలకు అన్యాయం చేశాయని ఫెడరల్ కోర్టు తేల్చి, ఏడు వార్డుల్లో మళ్ళీ ఎన్నిక పెట్టించింది. 1986 మార్చిలో రెండు సీట్లు కలిసొచ్చాయి, ఏప్రిల్ 29 రెండో విడతలో మరో రెండు. 26వ వార్డులో లూయిస్ గుటియెరెజ్ గెలవడంతో 25-25. సమానమైతే మేయర్ ఓటు. అంతే, మూడేళ్ళ యుద్ధం ఒక్క ఓటుతో ముగిసింది. ఆగిపోయిన నియామకాలు కదిలాయి, అద్దె ఇళ్ళవాళ్ళ హక్కుల చట్టం వచ్చింది. 1987లో బర్న్‌నూ ఆ తర్వాత వర్డోలియాక్‌నూ ఓడించి, 54 శాతం దాకా ఓట్లతో మళ్ళీ గెలిచాడు. వర్డోలియాక్ పార్టీ పదవి వదిలి రిపబ్లికన్లలో చేరాడు.

(పక్కమాట. 1983లో హెరాల్డ్ పన్ను కేసును ఊరూరా టముకు వేసినవాళ్ళున్నారు కదా. 2019లో వర్డోలియాక్ పన్ను ఎగవేత కేసులో నేరం ఒప్పుకున్నాడు. 54 ఏళ్ళు ఆల్డర్‌మన్‌గా ఉన్న బర్క్ మీద 2023లో అవినీతి నేరాలు రుజువయ్యాయి, మరుసటి ఏడాది రెండేళ్ళ శిక్ష పడింది.)

ఇక నా పేచీ. సిఫారసు ఉద్యోగాలు ఆపడం మంచి పనే. ఆ ఉద్యోగాలతో పాటు పోయిందేమిటో కూడా చూడాలి. మెషీన్ చేసిన పాడు పనుల మధ్య ఒక మంచి పని ఉండేది. పెద్దాయన పోతే రేపు ఎవరన్నది దానికి తెలుసు. 1983లో హెరాల్డ్‌ను గెలిపించిన సంఘాలు, చర్చీలు, కుర్రాళ్ళు ఒక పార్టీగా మారలేదు. వాళ్ళందరినీ కలిపి ఉంచిన ముడి ఒక్కటే, హెరాల్డ్. ఇరవై ఏళ్ళు ఇక్కడే ఉంటానని సరదాగా అనేవాడు. తన తర్వాత ఎవరని అడిగితే తేల్చేవాడు కాదు. 1987 శరత్కాలంలో గానీ ఆ పని మొదలుపెట్టలేదు. నల్లవాళ్ళను, తెల్లవాళ్ళను కలిపి కౌంటీ పదవులకు 'డ్రీమ్ టికెట్' అని ఒక జాబితా తయారు చేశాడు. పాత శత్రువు డేలీ కొడుకుతో కూడా రాజీ పడ్డాడు. తర్వాత అమెరికా సెనేట్‌కు వెళ్ళిన మొదటి నల్లజాతి మహిళ కారల్ మోజ్లీ బ్రాన్ ఆ జాబితాలోదే. అచ్చం పెద్ద డేలీ చేసే పని! సంస్కర్త చివరికి మెషీన్ బాట పట్టాడని కొందరు పెదవి విరిచారు. నాకైతే అది ఆయన తెలివికి గుర్తు, కాకపోతే నాలుగేళ్ళు ఆలస్యం.

నవంబరు 25, థాంక్స్‌గివింగ్‌కు ముందు రోజు. ఉదయం ఒక శంకుస్థాపనకు వెళ్ళొచ్చి, ఆఫీసులో ప్రెస్ సెక్రటరీతో మాట్లాడుతూ బల్ల మీదికి ఒరిగిపోయాడు. గుండెపోటు. వయసు 65.

వారం తిరక్కముందే, డిసెంబరు 1 రాత్రి, కొత్త మేయర్‌ను ఎన్నుకోవడానికి కౌన్సిల్ కూర్చుంది. హెరాల్డ్ వారసుడిగా ఆయన మనుషులు నిలబెట్టింది టిమతీ ఎవాన్స్‌ని. పాత మెజారిటీ వర్గం తెలివిగా తెల్లవాణ్ణి కాకుండా యూజీన్ సాయర్‌ను ఎత్తుకుంది. సాయర్ నల్లవాడు, నెమ్మదైన మనిషి, 1983లో హెరాల్డ్‌కు ముందుగా మద్దతు చెప్పిన ఆల్డర్‌మన్లలో ఒకడు. సిటీ హాలు బయటా లోపలా వేలమంది, బేరాలొద్దని అరుస్తూ, డాలరు నోట్లు ఊపుతూ. సాయర్ బెదిరిపోయి వెనక్కీ ముందుకూ అవుతుంటే, ఓటింగు పెట్టించడానికి రిచర్డ్ మెల్ అనే ఆల్డర్‌మన్ తన బల్ల ఎక్కి నిలబడి కేకలు వేశాడు. సాయర్ చెడ్డవాడేమీ కాదు, హెరాల్డ్ నెగ్గించలేకపోయిన మానవ హక్కుల చట్టాన్ని ఏడాది తర్వాత ఆయనే నెగ్గించాడు. 1989లో డేలీ కొడుకు చేతిలో ఓడిపోయాడు, ఆ కొడుకు 22 ఏళ్ళు ఏలాడు.

ఆ రాత్రి ఓటింగు తెల్లవారుజామున నాలుగు గంటలకు జరిగింది. ఎవాన్స్‌కు 19. సాయర్‌కు 29.